కౌన్సిల్‌కి చేబదులు ఇచ్చే ముందు ఆ బిల్లుల తేదీలు చూడండి

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. నేను వీల్‌చైర్ వాడతాను. మా రాష్ట్రంలో వికలాంగుల ఇండిపెండెంట్ లివింగ్ కౌన్సిల్‌కి (వికలాంగులు సొంతంగా బతకడానికి కావాల్సిన సేవలకు ప్లాన్ వేసే సంస్థ) గవర్నర్ నన్ను సభ్యురాలిగా నియమించారు, అకౌంటింగ్ చదివానని మార్చిలో ట్రెజరర్‌ని కూడా చేశారు. ముందు మేం ఖర్చు పెట్టి బిల్లు పంపితే రాష్ట్ర ఏజెన్సీ తర్వాత డబ్బిస్తుంది. జనవరి నుంచి ఒక్క బిల్లుకీ డబ్బు రాలేదు. ఇద్దరు ఉద్యోగులకు ఇంకో నెల జీతాలకే బ్యాంకులో ఉంది. పేరోల్ టాక్స్ కొంచెం ఆగి కడదాం అంటున్నారు మా డైరెక్టర్. మావారూ నేనూ మా సేవింగ్స్‌లోంచి 25 వేల డాలర్లు వడ్డీ లేకుండా చేబదులు ఇద్దామనుకుంటున్నాం. ఇవ్వొచ్చా? ఇంకోటి, మీటింగ్‌కి వచ్చినందుకు కౌన్సిల్ ఇచ్చే డబ్బు తీసుకుంటే ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వికలాంగులకు, వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) ఆగిపోతుందని ఒక సభ్యుడు భయపడుతున్నాడు. అది నిజమేనా?

జవాబు: ఇవ్వకండి. అప్పిచ్చేది మీరే, ఎప్పుడు తీర్చాలో చూసుకునే ట్రెజరర్ కూడా మీరే అయితే రేపు ఆడిట్‌లో వచ్చే మొదటి ప్రశ్న మీ మీదే. వడ్డీ తీసుకోకపోయినా సరే, బోర్డు మినిట్స్‌లో మీరు ఓటుకు దూరంగా ఉన్నట్టు రాసుకున్నా సరే, మొహమాటాలు మొదలయ్యేది అక్కడే. పైగా మీ డబ్బుతో ఈ రెండు నెలలు గడిచిపోతే అసలు జబ్బు ఏమిటో ఎవరూ చూడరు.

అంతకంటే ముందు పేరోల్ టాక్స్ సంగతి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించిన వాక్యం అదొక్కటే. ఉద్యోగి జీతంలోంచి పట్టుకున్న ఇన్‌కమ్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ డబ్బు కౌన్సిల్‌ది కాదు, ప్రభుత్వం తరఫున మీ దగ్గర దాచి ఉంచిన సొమ్ము. అది కట్టకుండా అద్దె కట్టినా, కరెంటు బిల్లు కట్టినా, ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) టాక్స్ చట్టం 6672 సెక్షన్ కింద బాధ్యుల సొంత ఆస్తి నుంచి ఆ మొత్తమంతా పెనాల్టీగా వసూలు చేయగలదు. పేరుకు మాత్రమే బోర్డులో ఉండి, రోజువారీ లెక్కలు చూడకుండా, విషయమే తెలియని వాలంటీర్లకు మినహాయింపు ఉంది గానీ, మీకు విషయం తెలుసు, చెక్కుల మీద సంతకమూ మీదే కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. డబ్బు చాలకపోతే ఉద్యోగుల గంటలు తగ్గించండి, అద్దెకు గడువు అడగండి, టాక్స్ మాత్రం తేదీకి కట్టేయండి. డైరెక్టర్‌కి ఈ మాట ఈమెయిల్‌లోనే చెప్పండి, ఫోన్‌లో కాదు.

ఇప్పుడు ఉత్తరంతో మీరు పంపిన బిల్లుల తేదీల టేబుల్. జనవరి నెల బిల్లు మీ ఆఫీసు నుంచి వెళ్లింది ఫిబ్రవరి 23న. పర్సనల్ అటెండెంట్ రసీదు మీద సభ్యుడి సంతకం లేదని ఏజెన్సీ మార్చి 12న వెనక్కి పంపింది. సంతకం పెట్టించి మళ్లీ పంపింది ఏప్రిల్ 3న. నెల ముగిసినప్పటి నుంచి లెక్కేస్తే 62 రోజులు. అందులో ఏజెన్సీ దగ్గర ఉన్నవి 17, మిగతా 45 రోజులూ ఆ కాగితం మీ ఆఫీసులోనే ఉంది! ఏజెన్సీని వెనకేసుకు రావడం లేదు, ఒక్క సంతకం కోసం మొత్తం బిల్లు ఆపడం అన్యాయమే, ఆ రసీదు పక్కన పెట్టి మిగతాది ఇచ్చి ఉండాల్సింది. కానీ నెల ముగిసిన 5 రోజుల్లో బిల్లు వెళ్లేలా చూసుకుంటే మీ 25 వేల అవసరం సగం అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం ఏజెన్సీతో తేల్చుకోవాలి. మీ ఒప్పందం సబ్-రెసిపియెంట్‌గా (రాష్ట్రం ద్వారా ఫెడరల్ గ్రాంటు అందుకునే సంస్థగా) ఉంటే ఫెడరల్ గ్రాంట్ల నిబంధన 2 సిఎఫ్‌ఆర్ 200.305 తీసి చదవండి. రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో అయితే బిల్లు అందిన 30 రోజుల్లో డబ్బివ్వాలి, ఖర్చు సరైనది కాదని సహేతుకంగా అనుమానం ఉంటే తప్ప. అసలు అదే నిబంధన ప్రకారం, డబ్బు నిర్వహణకు రాతపూర్వక పద్ధతులున్న సంస్థకు ముందుగానే అడ్వాన్స్ ఇవ్వాలి. చాలా కౌన్సిళ్లు ఇది అడగనే అడగవు. బోర్డు తీర్మానం జతచేసి, నెల నెలా అడ్వాన్స్ కావాలని ఉత్తరం పెట్టండి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, ఈ ఏజెన్సీల వ్యవహారం అలాగే ఉంటుంది. మీ డబ్బుకు మూలం 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని ఏడో టైటిల్. 1992 సవరణలతో ఈ రాష్ట్ర కౌన్సిళ్లు వచ్చాయి, 2014లో ఈ కార్యక్రమం విద్యాశాఖ నుంచి ఆరోగ్య శాఖ కిందికి మారింది. లెక్క తేలిగ్గా ఉండడానికి ఆ టైటిల్‌లోని పార్ట్ బి కింద మీ రాష్ట్రానికి 3,60,000 డాలర్లు వచ్చాయనుకోండి. అది 90 శాతం వాటా, మిగతా 10 శాతం, అంటే 40,000, ఫెడరలేతర డబ్బో దానికి సమానమైన సేవలో చూపించాలి. ఏజెన్సీ తన ఆఫీసు ఖర్చులకు పార్ట్ బిలోంచి 5 శాతం, అంటే 18,000 కంటే ఎక్కువ ఉంచుకోకూడదు. కౌన్సిల్ నడవడానికి మామూలుగా 30 శాతం, అంటే 1,08,000 దాకా తీసుకోవచ్చు, అంతకు మించి కావాలంటే ఇండిపెండెంట్ లివింగ్ సేవల రాష్ట్ర ప్లాన్‌లో కారణం రాయాలి. ఆ ప్లాన్ మూడేళ్లది. దాని మీద మీ చైర్‌పర్సన్, వికలాంగులకు నేరుగా సేవలందించే ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్ల డైరెక్టర్లలో కనీసం 51 శాతం మంది, ఏజెన్సీ అధిపతి, ముగ్గురి వైపు నుంచీ సంతకాలుండాలి. ఏజెన్సీది ఆ మూడింటిలో ఒక సంతకమే అన్న సంగతి చాలామంది సభ్యులకు గుర్తుండదు.

మీటింగ్ అజెండా ముందు మాకు చూపించండి, ఆ ప్రయాణం అవసరమా అని ఏజెన్సీ అడుగుతోందని రాశారు. అడిగే హక్కు లేదు. కౌన్సిల్ ఖర్చులు, అజెండా, ఓట్లు, సిబ్బంది, అనుమతి ఉన్న ప్రయాణాల్లో జోక్యం చేసుకోనని రాష్ట్ర ప్లాన్ కోసం ఏజెన్సీ ఇచ్చే హామీల్లోనే ఉంది. కౌన్సిల్ ఏ రాష్ట్ర ఏజెన్సీలోనూ భాగంగా ఉండకూడదు. ఓటున్న సభ్యుల్లో ఎక్కువమంది వికలాంగులై, రాష్ట్ర ఏజెన్సీలో గానీ సెంటర్లలో గానీ ఉద్యోగం చేయనివాళ్లై ఉండాలి. మీ 13 మందిలో ఇప్పుడు ఈ లెక్క సరిపోతోందో లేదో ఒకసారి చూసుకోండి, రెండు ఖాళీలున్నాయన్నారు కదా.

బ్యాంకు నుంచి లైన్ ఆఫ్ క్రెడిట్ (అవసరమైనప్పుడు కొంత కొంత వాడుకునే అప్పు) పెట్టుకోవడం మీ చేబదులు కంటే నయం. కాకపోతే రోజువారీ ఖర్చులకు చేసిన అప్పు మీద వడ్డీ గ్రాంటుకు రాయడానికి వీల్లేదు, అది సొంత డబ్బులోంచే కట్టాలి. ఆ సొంత డబ్బే మీకు లేదు. నిధుల సేకరణకు చట్టం ఇప్పుడు కౌన్సిళ్లకు దారిచ్చింది, ముందు ప్లాన్‌లో ఆ పని చేర్చండి. అదే చట్టం టైటిల్ వన్‌లోని ఇన్నోవేషన్ నిధుల్లో మీ వాటా కూడా అడగండి. మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకునేదాకా కొత్త ప్రాజెక్టు జోలికి పోవద్దు. 2025 అక్టోబర్ 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వం 43 రోజులు మూతపడింది, అలాంటిది మళ్లీ వస్తే ఆదుకునేది ఆ డబ్బే. మీరూ మీవారూ ఇవ్వాలనే అనుకుంటే అప్పు మాట మానేసి, మీకు భారం కానంత, ఓ రెండు వేలో మూడు వేలో షరతుల్లేని విరాళంగా ఆ మూడు నెలల నిధికివ్వండి, బోర్డుకు చెప్పి.

ఇక ఆ సభ్యుడి ఎస్‌ఎస్‌ఐ. రాకపోకలు, పిల్లల్ని చూసుకునే మనిషి, అటెండెంట్ ఖర్చు రసీదులతో తిరిగిస్తే అది ఆదాయం కాదు. ఉద్యోగం లేనివాళ్లకు, లేదా మీటింగ్ కోసం జీతం పోగొట్టుకునేవాళ్లకు, కౌన్సిల్ ఇచ్చే పారితోషికం మాత్రం ఆదాయమే. కానీ మొత్తం పోదు. నెలకు 200 డాలర్లు ఇచ్చారు, వేరే ఆదాయం లేదు అనుకుంటే మొదటి 85 వదిలేసి మిగతా 115లో సగం, అంటే 57.50 ఎస్‌ఎస్‌ఐలో తగ్గుతుంది. చేతికి 142.50 మిగులుతుంది. డబ్బు వచ్చిన తర్వాతి నెల 10వ తేదీలోగా సోషల్ సెక్యూరిటీకి చెప్పాలి. చెప్పకపోతే ఎక్కువ ఇచ్చామంటూ తర్వాత నోటీసు వస్తుంది, భయపడాల్సింది దానికే. ఎస్‌ఎస్‌ఐ ఆగకుండా ఉండాలంటే బ్యాంకులో 2,000 దాటకుండా చూసుకోమనండి. వైకల్యం 46 ఏళ్ల లోపు మొదలైనవాళ్లకు 2026 జనవరి నుంచి ఏబుల్ అకౌంట్ (వికలాంగుల కోసం ప్రత్యేక సేవింగ్స్ ఖాతా) తెరిచే వీలొచ్చింది, ఆ మిగులు అందులో వేసుకోవచ్చు.

మీ టేబుల్‌లో మార్చి బిల్లు ఎదురుగా తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఈ వారం పంపించేయండి, సంతకాలన్నీ ఉన్నాయో లేదో చూసి.