టెస్ట్‌లో సక్సెస్... లాగిన్‌లో ఫెయిల్!

ప్రశ్న: స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్లను చూసుకునే మేనేజ్‌మెంట్ డివైస్‌కి మా టీమంతా ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతోంది. అది మాన్పిద్దామని ఎల్‌డ్యాప్ (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) ద్వారా యాక్టివ్ డైరెక్టరీకి, అంటే అందరి అకౌంట్లూ ఉండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీకి కలిపాను. ‘టెస్ట్ కనెక్షన్’ నొక్కితే సక్సెస్ అంటోంది. కానీ చాలామందికి లాగిన్ అవ్వట్లేదు. ఒకరిద్దరికి అయినా మెనూలు కనిపించట్లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆ టెస్ట్ బటన్‌ని మరీ నమ్మకండి. చాలా డివైస్‌లలో అది చూసేది సర్వర్ పలుకుతోందా, మీరిచ్చిన సర్వీస్ అకౌంట్ (డైరెక్టరీలో వెతకడానికి డివైస్ వాడే అకౌంట్) పాస్‌వర్డ్ సరైనదేనా అన్నంత వరకే. అసలు లాగిన్‌లో ఇంకా మూడు పనులుంటాయి. డివైస్ ముందు ఆ యూజర్‌ని డైరెక్టరీలో వెతకాలి, దొరికాక అతని పాస్‌వర్డ్‌తో బైండ్ అవ్వాలి (అంటే డైరెక్టరీ సర్వర్‌లోకి లాగిన్ అవ్వాలి), ఆపైన గ్రూపు చూసి అధికారాలివ్వాలి.

లాగిన్ కానివాళ్ల సంగతి ముందు చూద్దాం. డివైస్ లాగ్‌లో ఎర్రర్ 49 ఉందంటే యూజర్ దొరికాడు, పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయాడన్నమాట. దాని పక్కనే ‘డేటా’ అని ఇంకో కోడ్ ఉంటుంది. 52ఇ అయితే పాస్‌వర్డ్ తప్పు, 533 అయితే అకౌంట్‌ని డిసేబుల్ చేశారు, 775 అయితే లాక్ అయింది. 49 ఊసే లేకుండా ‘యూజర్ నాట్ ఫౌండ్’ అంటోందా? అయితే వెతికే చోటే తేడా. యూజర్‌నేమ్ ఆట్రిబ్యూట్‌లో (యూజర్‌నేమ్‌ని డైరెక్టరీలో ఏ గడిలో వెతకాలో చెప్పేది) ‘యూఐడీ’ అని ముందే నింపి ఉంటే దాన్ని ‘సామ్‌అకౌంట్‌నేమ్’గా మార్చండి. బేస్ డీఎన్, అంటే డైరెక్టరీలో వెతకడం మొదలుపెట్టే చోటు కూడా చూడండి. యాక్టివ్ డైరెక్టరీలో మొదటి నుంచీ ఉండే ‘యూజర్స్’ ఫోల్డర్ ఓయూ (ఆర్గనైజేషనల్ యూనిట్) కాదు, కంటైనర్ అనే వేరే రకం. ‘ఓయూ=యూజర్స్’ అని రాస్తే ఒక్కరూ దొరకరు, ‘సీఎన్=యూజర్స్’ అనాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మెనూలు కనిపించనివాళ్లది గ్రూపు సమస్య. ‘డొమైన్ యూజర్స్’ గ్రూపుకి అధికారాలిచ్చారేమో చూడండి. అది సాధారణంగా అందరికీ ప్రైమరీ గ్రూపు కాబట్టి డివైస్ చూసే ‘మెంబర్ ఆఫ్’ (యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడో చెప్పే) జాబితాలో రాదు. గ్రూపులో గ్రూపు పెట్టినా అంతే, అందులో నేరుగా చేర్చినవే ఉంటాయి. నెట్‌వర్క్ అడ్మిన్‌లకు విడిగా ఒక గ్రూపు పెట్టి, మనుషుల్ని నేరుగా అందులో చేర్చేయండి.

ఎల్‌డ్యాప్ మామూలుగా వాడే పోర్ట్ 389 అలాగే వదిలేశారా? స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ఆ పోర్ట్‌లోనే ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టేది) లేకపోతే పాస్‌వర్డ్‌లు నెట్‌వర్క్ మీద బట్టబయలుగా వెళ్తాయి. ఎన్‌క్రిప్షన్ ఉండే 636కి మారి, సీఏ సర్టిఫికెట్ (సర్వర్‌కి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థది) డివైస్‌లో అప్‌లోడ్ చేయండి. సర్వర్ అన్న గడిలో ఐపీ కాకుండా సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ఇవ్వండి, లేదంటే అదో కొత్త తలనొప్పి. సర్వీస్ అకౌంట్‌కి చదివే హక్కు చాలు. పని తొందరగా అవుతుందని డొమైన్ అడ్మిన్‌ని అక్కడ పెట్టడం మాత్రం వద్దు.

మార్పులు చేసేటప్పుడు లోకల్ అడ్మిన్ సెషన్ ఒకటి తెరిచే ఉంచండి. అన్నీ కుదిరాక సరైన యూజర్‌నేమ్ ఇచ్చి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి లాగిన్ నొక్కి చూడండి. ఖాళీ పాస్‌వర్డ్‌తో వచ్చే బైండ్‌ని కొన్ని ఎల్‌డ్యాప్ సర్వర్లు అనామక (ఎవరో చెప్పని) బైండ్‌గా తీసుకుని సక్సెస్ అంటాయి. దాన్ని నమ్మి మీ డివైస్ లోపలికి రానిస్తే, ఫర్మ్‌వేర్‌లో అది సరయ్యేదాకా డైరెక్టరీ లాగిన్ ఆపేయండి.