ఆవుని ఏ గడిలో రాయాలి?

ప్రశ్న: కొలంబస్‌లో సోషల్ వర్క్ చదువుతున్నాను. భూటాన్ నుంచి గెంటేస్తే నేపాల్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపి ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లతో ఆర్‌హెచ్ఎస్-15 అనే ఫారం (శరణార్థుల మానసిక ఇబ్బందుల్ని పసిగట్టే 15 ప్రశ్నలు) నింపిస్తున్నాం. ఒకావిడ కీళ్ల నొప్పులకి తప్ప అన్నిటికీ ఖాళీ సీసా బొమ్మే, అంటే 'అస్సలు లేదు', సున్నా అనే గుర్తే చూపించింది. లేచేటప్పుడు మాత్రం, ఊరు వదిలినరోజు ఆవు పలుపు విప్పేస్తే అది చాలాదూరం వెనకే వచ్చిందని చెప్పింది. ఆ ఆవుని ఏ గడిలో రాయాలి?
- ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: ఏ గడిలోనూ పట్టదమ్మా. ఆ ఫారం అడిగేది నొప్పులు, దిగులు, భయం, అతిగా ఆలోచించడం లాంటివి. ఏం పోగొట్టుకున్నారని అడగదు. మా అమ్మమ్మ 1942లో రంగూన్ నుంచి నడిచొచ్చిన మనిషి. ఆవిడకిచ్చినా అన్నీ సున్నాలే వచ్చేవి. కానీ పోయేదాకా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా "ఇదీ ఒక బియ్యమేనా" అనేది!

అలాగని ఫారం పక్కన పడేయకండి. ఎవరిని త్వరగా డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చడానికే అది. అమెరికాకు వచ్చిన భూటాన్ శరణార్థుల్లో 2009 ఫిబ్రవరి నుంచి మూడేళ్లలో 16 ఆత్మహత్యలు అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కకొచ్చాయి. ఏడాదికి లక్షమందిలో 20.3 అన్నమాట. అమెరికా మొత్తం మీద అప్పుడది 12.4. చావు ఆలోచన గురించి ఆ 15 ప్రశ్నల్లో లేదు. అది మీరే విడిగా, నెమ్మదిగా అడగాలి. అవునంటే అదే రోజు మీ సూపర్‌వైజర్‌కి చెప్పాలి.

ఇంతకీ ఆవిడ మాటల్ని మీకు ఇంగ్లీషులో చెప్పిందెవరు? మనవడా? అయితే ఆ సున్నాలు నేను నమ్మను. మనవడి ముందు ఏ బామ్మ ఏడుపు గురించి చెబుతుంది? ఇంకోటి, వాళ్లు మాట్లాడే నేపాలీలో 'మన్' వేరు, 'దిమాగ్' వేరు. దిమాగ్ గురించి అడిగితే పిచ్చి అంటున్నారనుకుంటారు. 'మన్' నొచ్చిందా అంటే చెబుతారు. మనకి మాత్రం? మనసు బాగాలేదంటాం గానీ బుర్ర బాగాలేదంటామా?

కాంబోడియా శరణార్థులతో పనిచేసిన మారిస్ ఐసెన్‌బ్రుక్ అనే మానసిక వైద్యుడు జబ్బు లక్షణాలు వేరు, పోగొట్టుకున్న బాధ వేరు అన్న తేడాని 1990ల మొదట్లోనే పట్టుకున్నాడు. కలలో ఎవరొస్తున్నారు, పోయినవాళ్లకి కర్మకాండలు జరిగాయా, వదిలేసి వచ్చామన్న బాధ ఉందా, పూజలవీ ఊరట ఇస్తున్నాయా - ఇవీ ఆయన అడిగినవి. జవాబులకి మార్కులు వేయడం కష్టం, నిజమే. వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఈసారి వెళ్లినప్పుడు ఫారం బ్యాగులోనే ఉంచి, ఆ ఆవుని ఏమని పిలిచేవారో అడగండి. ఫారం ఇంకోరోజు మళ్లీ నింపించొచ్చు, మనవడు బడికి వెళ్లాక.