సమాధానం: చీరాల-పేరాల, పెదనందిపాడు ఒకటేనా?

మీ అబ్బాయి జవాబు చూసి ఈ రెండు ఉద్యమాలూ ఒకటేనా అని అడిగారు. కాదండీ, రెండూ బ్రిటిష్ కాలంనాటి పన్నుల పోరాటాలే కావడంతో కలిపేసి ఉంటాడు. పెదనందిపాడుది రైతుల భూమిశిస్తు గొడవ, నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరి. అక్కడితో దాన్ని పక్కన పెట్టేయండి.

చీరాలది మున్సిపాలిటీ గొడవ. చీరాల, పేరాల ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచేశారు. 1921లో గాంధీగారు వచ్చి రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా జైలుకెళ్లడం, లేదా ఊరు వదిలేయడం. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నారు. మనుషుల్లేని ఊళ్లో పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? జనం మున్సిపాలిటీ హద్దు దాటి పాకలు వేసుకుని, రామనగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు 11 నెలలున్నారు. ఎండావానా అక్కడే. కాపలాకి దుగ్గిరాల పెట్టిన వాలంటీర్ల దళం, రామదండు. (నాకైతే జైలుకెళ్లడమే తేలికనిపిస్తుంది!) దుగ్గిరాలను జైల్లో పెట్టాక ఉద్యమం సడలింది.

జవాబులో ‘రామనగర్’ కనిపిస్తే చీరాల, ‘భూమిశిస్తు’ కనిపిస్తే పెదనందిపాడు అని గుర్తు పెట్టుకోమనండి.