కోఠి రెసిడెన్సీ: అక్కడ చదువుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను

హైదరాబాద్‌లో చార్మినార్, గోల్కొండ కాకుండా తప్పక చూడాల్సిన పాత భవంతి ఏది, అందులో ఎవరెవరు ఉండేవాళ్లు అని అడిగారు. నేనైతే క్షణం ఆలోచించకుండా కోఠి రెసిడెన్సీ అంటాను. డిగ్రీ మూడేళ్లూ అక్కడే చదివాను. మాకు అది కోఠి ఉమెన్స్ కాలేజీ, అంతే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో వచ్చి దిగడం, మధ్యాహ్నం ఆ పెద్ద మెట్ల పక్కనున్న సింహం నీడలో కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరవడం. తలెత్తితే పైన ఈస్టిండియా కంపెనీ చిహ్నం కనిపించేది. అదేమిటని మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ భవనాన్ని 1803లో మొదలుపెట్టించింది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్. ఖర్చు నిజాం ప్రభుత్వానిదే. మొదట పెద్ద కాగితం మీద ప్లాన్ గీసి చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట. అంత పెద్ద కాగితం చూసి, తన రాజ్యంలో సగం అడుగుతున్నారేమో అనుకున్నాడట. అదే ప్లాన్‌ను చిన్న అట్టముక్క మీద గీసి తీసుకెళితే వెంటనే సరే అన్నాడని చెబుతారు.

కిర్క్‌పాట్రిక్ పెళ్లాడింది ఖైరున్నిసా బేగంని. దివాన్‌గా చేసిన మీర్ ఆలంకి బంధువుల అమ్మాయి. ఆమె కోసం ఆయన మతం మారాడు. ఆవిడ ఉండడానికి ఆవరణలోనే రంగ్ మహల్ అని జనానా, అంటే ఆడవాళ్ల నివాసం, కట్టించాడు. ఇప్పుడు ఆ మహల్ లేదు, దాని ద్వారం మాత్రం మిగిలింది. అక్కడికి దగ్గర్లోనే రెసిడెన్సీకి అచ్చంగా ఓ బుల్లి నమూనా ఉంటుంది. బేగం పరదా దాటి ముందువైపుకి రాలేదు కాబట్టి, ఇల్లు ఎలా ఉందో చూసుకోవాలని కట్టించాడట. మా రోజుల్లో అది విరిగిపోయి, పొదల్లో పడి ఉండేది. ఏదో బొమ్మరిల్లు అనుకునేవాళ్లం.

తరువాతి కథ తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. కొడుక్కి ఐదేళ్లు కూడా నిండలేదు, కూతురికి మూడేళ్లు. ఇంట్లో వాళ్లకున్న ముస్లిం పేర్లు పోయి విలియం, కేథరిన్ అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్లీ పిల్లల్ని చూడలేదు. 1813లో, ముప్పై ఏళ్లు రాకుండానే పోయింది. కేథరిన్, అంటే కిట్టీ, పెద్దయ్యాక 1840ల్లో ఇక్కడున్న అమ్మమ్మకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. అమ్మమ్మ పారసీలో చెప్పి రాయించేది. వాటిని అనువాదం చేయించుకుని చదివేవారు. ఇద్దరూ ఒకరినొకరు మళ్లీ కళ్లారా చూసుకోలేదు.

ఆ తరువాత చాలామంది రెసిడెంట్లు వచ్చారు, హెన్రీ రస్సెల్, చార్లెస్ మెట్‌కాఫ్ లాంటివాళ్లు. వాళ్లకంటే నేను ముందు చెప్పాలనుకునేది ఆ గోడల బయట నిలబడ్డవాళ్ల గురించి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, అంటే అఫ్ఘాన్ మూలాలున్న యోధులు, రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి నిలవలేదు. తుర్రెబాజ్ ఖాన్ దొరికి, తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర చనిపోయాడు. మౌల్వీని అండమాన్ పంపించారు. కోఠిలో తుర్రెబాజ్ ఖాన్ పేరుతో ఒక రోడ్డు ఉంది. రోజూ ఆ దారిన నడిచేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసు?

1949లో ఆ భవనంలోకి ఉమెన్స్ కాలేజీ వచ్చింది. బేగం చూడలేకపోయిన ముందు మెట్ల మీద నుంచి వేలమంది ఆడపిల్లలం పుస్తకాలు పట్టుకుని పరుగులు పెట్టాం. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. మరమ్మతులకు ఏళ్లు పట్టినా, ఈ మధ్య మా అమ్మాయితో వెళ్లినప్పుడు చూస్తే దర్బార్ హాలు పైకప్పు మీద రంగులు మళ్లీ కనిపించాయి. నాకు కన్నీళ్లు ఆగలేదు.

మీరు వెళితే సుల్తాన్ బజార్ మెట్రో దగ్గర దిగండి. మా కాలేజీ ఇప్పుడు మహిళా యూనివర్సిటీ అయింది, అది దాని ప్రాంగణం కాబట్టి గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్లండి. అందరూ ముందు మెట్ల మీద ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం మొదట భవనం వెనకవైపుకి నడవండి. ఆ బుల్లి ఇంటి ముందు వంగి, దాని స్తంభాల మధ్య నుంచి ఒకసారి లోపలికి చూడండి. తరువాత వచ్చి మెట్లెక్కండి.