డీఎన్‌ఏలో నిత్యం ఇన్ని తప్పులు జరుగుతుంటే మనం ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతున్నాం?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. కణం విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏ నకలులో తప్పులు దొర్లుతుంటే మనుషులు ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతున్నారన్నది మొదటిది. మేనరికాల వల్ల కొత్త మ్యుటేషన్లు (డీఎన్‌ఏ రాతలో శాశ్వతంగా నిలిచిపోయే మార్పులు) పుడతాయా అన్నది రెండవది. తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా తరగతిలోనూ ఈ రెండూ తరచుగా వినిపించే ప్రశ్నలే. డీఎన్‌ఏ దెబ్బతినడం వేరు, మ్యుటేషన్ ఏర్పడటం వేరు అన్న సంగతి స్పష్టమైతే తప్ప రెండింటిలో దేనికీ సరైన సమాధానం దొరకదు.

మన ప్రతి కణంలోనూ రోజుకు వేల సంఖ్యలో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. అందుకు రేడియేషనో, విష రసాయనాలో అక్కరలేదు. కణంలోని నీరు, శరీరపు వేడి చాలు. డీఎన్‌ఏ అంటే ఎదురెదురుగా ఉండే రెండు పోగులు. వాటిపై అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు రసాయన అక్షరాలుంటాయి. అడినిన్ ఎదుట థైమిన్, గ్వానిన్ ఎదుట సైటోసిన్ జతగా నిలుస్తాయి. ఉదాహరణకు సైటోసిన్ తనలోని అమైనో సమూహాన్ని కోల్పోయి యురాసిల్ అనే వేరే అక్షరంగా మారిపోతుంది. మే నెల ఎండలో తిరుపతి వీధుల్లో తిరిగితే, అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల్లో పక్కపక్కనున్న రెండు థైమిన్లను ఒకదానికొకటి అతికించివేస్తాయి. ఇవన్నీ దెబ్బలే గాని మ్యుటేషన్లు కావు. యురాసిల్ డీఎన్‌ఏలో ఉండకూడనిది కనుక, దానిని వెతికి పట్టుకుని తొలగించే ఎంజైము కణంలో సిద్ధంగా ఉంటుంది. అతుక్కుపోయిన థైమిన్ల దగ్గర పోగు ఆకారం చెడుతుంది కనుక, ఆ తేడాను గుర్తించి, అటూ ఇటూ కలిపి దాదాపు 30 అక్షరాల ముక్కను కోసి తీసివేసి, ఎదుటి పోగును చూస్తూ ఖాళీని పూరించే మరో యంత్రాంగం ఉంటుంది. ఇటువంటి మరమ్మతులు ఎలా జరుగుతాయో వివరించినందుకే 2015లో టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మరమ్మతు పూర్తి కాకముందే కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకుంటేనే చిక్కు. అప్పుడు ఆ యురాసిల్‌ను థైమిన్‌గా చదివి, దాని ఎదుట గ్వానిన్‌కు బదులు అడినిన్‌ను పెడుతుంది. తరువాతి నకలులో అక్కడ నిఖార్సైన అడినిన్–థైమిన్ జంట ఏర్పడుతుంది. పొలం దస్తావేజు చెదపట్టితే రిజిస్ట్రారు కార్యాలయంలోని ప్రతిని చూసి సరిచేసుకోవచ్చు. రెండు ప్రతుల్లోనూ ఒకే తప్పు సర్వే నంబరు ఎక్కిన తరువాత ఆ కాగితాలను చూసి తప్పు పట్టగలిగేవారు ఉండరు. మ్యుటేషన్ అంటే అదే. ఏ ఎంజైముకూ అది తప్పుగా కనిపించదు.

మా ప్రయోగశాలలో ఉల్లి వేరుకొన ప్రయోగం చేయించేటప్పుడు ఈ నకలు, మరమ్మతు పనులు జరిగే కణాలను కళ్లారా చూపించే అవకాశం కలుగుతుంది. బజారు నుంచి తెచ్చిన ఎర్రగడ్డను గాజు గ్లాసులోని నీటికి అడుగు భాగం తగిలేలా నిలబెడితే కొద్ది రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. ఉదయం పూట ఆ వేర్ల కొనలను కత్తిరించి, మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఉంచి, ఆ తరువాత అసిటోకార్మిన్ రంగులో స్పిరిట్ దీపంపై వెచ్చచేసి, కవర్ స్లిప్ కింద బొటనవేలితో మెల్లగా అదుముతారు. సూక్ష్మదర్శినిలో చూడగానే విద్యార్థులు ఎర్రటి క్రోమోజోములు బారులు తీరిన కణాల కోసం వెతుకుతారు. అవి అక్కడక్కడ మాత్రమే ఉంటాయి. మిగిలిన కణాలన్నింటిలోనూ గుండ్రటి కేంద్రకం తప్ప మరేమీ కనిపించదు. "వీటిలో ఏమీ జరగడం లేదు మేడమ్" అంటూ వారు స్లైడును ముందుకు జరుపుతారు. నేను అక్కడే ఆపుతాను. అంతర్దశలో, అంటే రెండు విభజనల మధ్య దశలో, ఉన్న ఆ కేంద్రకాల్లోనే నకలు తీయడం, సరిచూడటం, మరమ్మతు చేయడం సాగుతుంటాయి. పాఠ్యపుస్తకాలు నాలుగు విభజన దశల బొమ్మలకు ఇచ్చే చోటులో కొంతైనా ఈ అంతర్దశకు ఇవ్వాలన్నది నా బలమైన అభిప్రాయం.

మానవ కణంలో నకలు తీయవలసిన అక్షర జంటలు దాదాపు 600 కోట్లు. నకలు తీసే డీఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైము సుమారు లక్షకు ఒక చోట పొరపడుతుంది. అంతటితో వదిలేస్తే ఒక్కో కొత్త కణంలో దాదాపు 60,000 తప్పులు మిగలాలి. కాని ఆ ఎంజైమే వెనక్కి జరిగి తప్పు అక్షరాన్ని తీసివేస్తుంది. దానినీ దాటిపోయిన వాటిని జత కుదరని అక్షరాలను వెతికే మరమ్మతు వ్యవస్థ పట్టుకుంటుంది. చివరికి వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు, లేదా అంతకంటే తక్కువే మిగులుతుంది. దెబ్బలు మరీ ఎక్కువైతే పీ53 అనే ప్రోటీన్ విభజనను నిలిపివేసి గడువు ఇస్తుంది, మరమ్మతు సాధ్యం కాకపోతే కణం తనంతట తానే నశించేలా చేస్తుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ పీ53 జన్యువే చెడిపోయి ఉంటుందంటే దాని పాత్ర ఎంతటిదో ఊహించవచ్చు.

ఇక మేనరికం సంగతి. చిత్తూరు జిల్లాలో మేనమామ, మేనకోడళ్ల పెళ్లిళ్లు జరిగిన ఇళ్లు చాలానే ఉన్నాయి కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. మేనరికం కొత్త మ్యుటేషన్లను పుట్టించదు. ప్రతి బిడ్డ, తల్లిదండ్రులు బంధువులైనా కాకపోయినా, సుమారు 60 నుంచి 70 కొత్త మ్యుటేషన్లతో పుడుతుంది. వాటిలో అత్యధికం ఏ ప్రభావమూ చూపనివే. ఎప్పుడో ఒక పూర్వీకునిలో ఏర్పడి, వంశంలో కనిపించకుండా వస్తున్న పాత మ్యుటేషన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే బిడ్డకు చేరే అవకాశాన్ని మేనరికం పెంచుతుంది. ఏ జన్యువునైనా తీసుకుంటే, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని ప్రతి నుంచి రావడానికి మేనమామ, మేనకోడళ్ల సంతానంలో ఎనిమిదింట ఒక వంతు, మేనత్త, మేనమామ బిడ్డలు చేసుకున్న పెళ్లిలో పదహారింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

ఎండ వల్ల డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను సరిచేసే జన్యువు రెండు ప్రతుల్లోనూ పాడైతే వచ్చే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అటువంటి జబ్బే. కొద్దిపాటి ఎండకే ఆ పిల్లల చర్మంపై మచ్చలు వస్తాయి, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ సోకుతుంది. ఒక ప్రతి మాత్రమే పాడైన తల్లిదండ్రులు ఏ లక్షణమూ లేకుండా ఉంటారు, ఎందుకంటే మంచి ప్రతి నుంచి తయారయ్యే ఎంజైము సరిపోతుంది. అందువల్ల మీ వంశంలో ఎవరికైనా తలసీమియా (రక్తహీనత కలిగించే వంశపారంపర్య జబ్బు) వంటిది వచ్చి ఉంటే, పెళ్లికి ముందే జన్యు సలహాదారును కలవండి. బీటా తలసీమియా వాహకులను, అంటే ఒక ప్రతి మాత్రమే పాడైనవారిని, హిమోగ్లోబిన్ ఏ2 రక్తపరీక్షతో గుర్తించవచ్చు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మొదటి బిడ్డ ఆరోగ్యంగా పుట్టినంత మాత్రాన రెండో బిడ్డకు ఆ అవకాశం తగ్గదు.