ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్క స్ట్రోకే (సిలిండర్‌లో పిస్టన్ ఒకసారి పైకో కిందికో కదలడం) శక్తినిస్తే, మిగతా మూడింటికీ పిస్టన్‌ను కదిపేది ఏది?

స్కూల్ పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు నాకూ సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. అది తీరింది గుణుపురం దగ్గర మా పొలంలో, వంశధార నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్ దగ్గర.

ఒకే సిలిండర్ ఉన్న డీజిల్ ఇంజిన్ అది. పక్కన బరువైన ఇనుప చక్రం, అదే ఫ్లైవీల్. పైన చిన్న లివర్. మొదటిసారి లివర్ ఎత్తకుండా హ్యాండిల్ తిప్పబోతే, గోడకు తగిలినట్టు మధ్యలోనే ఆగిపోయింది. నాన్న వచ్చి, "ముందు చక్రానికి ఊపందనీరా, తర్వాత లివర్ దించు" అన్నారు. లివర్ ఎత్తితే వాల్వ్ తెరిచే ఉంటుంది, లోపలి గాలి అడ్డుపడదు. చక్రం వేగం అందుకున్నాక లివర్ దించాను. ఆ ఊపే పిస్టన్‌ను పైకి తోసి గాలిని నొక్కేసింది. డుగ్గుమని అంటుకుంది.

మీ ప్రశ్నకు జవాబు ఆ చక్రమే. పవర్ స్ట్రోక్‌లో పుట్టిన శక్తిలో కొంత దాచుకుని, పొగ నెట్టడానికి, గాలి పీల్చడానికి, మళ్లీ నొక్కడానికి ఇస్తుంది. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో చేసిన ఇంజిన్‌కూ పెద్ద చక్రమే ఉండేది. నాలుగు సిలిండర్ల కారులో ప్రతి అర చుట్టుకూ ఒక సిలిండర్ శక్తినిస్తుంది కాబట్టి అంత బరువు అక్కర్లేదు.

డీజిల్ ఇంజిన్ పీల్చేది ఒట్టి గాలినే. గట్టిగా నొక్కేసరికి అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది, ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ దానంతటదే మండుతుంది. పెట్రోల్‌కైతే స్పార్క్ ప్లగ్ కావాలి.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. నాలుగు స్ట్రోకులకు చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 1500 చుట్లయితే డీజిల్ మండేది 750 సార్లే. పిస్టన్ కూడా రెండుసార్లు పైకొస్తుంది, కానీ ఆ రెండూ ఒకటి కావు. గాలి నొక్కి పైకొచ్చినప్పుడు వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి. పొగ నెట్టి వచ్చినప్పుడు రెండూ కాస్త తెరుచుకుని ఉంటాయి. ఒక ఏడు నాట్ల వేళ, సిలిండర్ పైమూత (హెడ్) విప్పిన మెకానిక్ పిస్టన్‌ను ఈ రెండో చోట పెట్టి, వాల్వులను తెరిచే ట్యాపెట్లు బిగించాడు. వాటికీ వాల్వులకూ మధ్య గ్యాప్ ఎక్కువైపోయింది. టకటకమని మోత, నల్లపొగ, నీళ్లు సగమే. చేను ఎండిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. నాన్న హ్యాండిల్ ఇంకొక్క చుట్టు తిప్పి, గాలి అడ్డుపడే చోట ఆపి, గ్యాప్ సరిచేశారు. సాయంత్రానికి పైపు నిండా నీళ్లు.

మీ ఊళ్లో అలాంటి ఇంజిన్ ఉంటే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని తిప్పి చూడండి. బొటనవేలు మాత్రం హ్యాండిల్ చుట్టూ వేయకండి, మిగతా వేళ్ల వైపే ఉంచండి. ఇంజిన్ ఎదురు తన్నితే వేలు విరుగుతుంది.