దేశాలకు కోపం రాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి మామూలుగా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. "సార్, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి అలాగే చెబుతాను, కాకపోతే ఆ సార్ మానేసి అన్నా అను చాలు. భాష బాగుంది, చదివిస్తుంది. ఉక్రెయిన్, గాజా, ఎర్ర సముద్రం, తైవాన్, అణ్వాయుధాలు, ఐక్యరాజ్యసమితి వైఫల్యం అన్నీ నాలుగు పేజీల్లో కుక్కేశావు, అదొక గొడవ, దాని సంగతి చివర్లో చూద్దాం. అసలు గొడవ వేరే ఉంది. నీ వ్యాసంలో అమెరికా అనుకుంటుంది, రష్యాకు కోపం వస్తుంది, చైనా కన్నేస్తుంది, యూరప్ వణికిపోతుంది. మొత్తం మీద ఒక్క మనిషి లేడు, ఒక్క ఆఫీసు లేదు, ఒక్క కాగితం లేదు. దేశాలకు కోపం రాదు తమ్ముడూ. ఒక అధ్యక్షుడికి వస్తుంది, పక్కనున్న సలహాదారు దాన్ని ఎగదోస్తాడు, ఆర్థిక మంత్రి డబ్బుల్లేవంటాడు, సైన్యం వాళ్లు ఇంకో రెండు నెలలు టైమ్ అడుగుతారు, పార్లమెంటులో ఎవరో అడ్డం పడతారు, ఇంత లాగులాట జరిగాక మిగిలిందే బయటికొస్తుంది, దాన్నే మనం "రష్యా నిర్ణయం" అంటాం. "రష్యా అంది" అని అసలు రాయొద్దని కాదు, పేపర్లన్నీ అలాగే రాస్తాయి, నేనూ రాస్తాను. కానీ అలా రాసిన ప్రతిసారీ "అంటే ఎవరు?" అని ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలి. నీ మొదటి పేజీలో అలాంటి వాక్యాలన్నిటికీ పక్కన ఆ ప్రశ్నే గీశాను, చూసుకో.

సెక్యూరిటీ డైలమా గురించి ఒక పేరా నిండా నిర్వచనం రాశావు. ఒక దేశం రక్షణ కోసం చేసిన ఏర్పాటు పక్క దేశానికి బెదిరింపులా కనిపిస్తుంది, వాళ్లూ ఏదో చేస్తారు, చివరికి ఇద్దరికీ భద్రత తగ్గుతుంది. సరే, తప్పేం లేదు, కానీ క్లాసు నోట్సులోంచి దించినట్టుంది. ఇది జరిగిన ఒక చోటికి తీసుకెళ్లు పాఠకుణ్ని. 2016లో దక్షిణ కొరియా ప్రభుత్వం, ఉత్తర కొరియా క్షిపణుల నుంచి కాపాడుకోవడానికి థాడ్ అనే అమెరికన్ వ్యవస్థను పెట్టించుకుంటామని ప్రకటించింది. దాంతోపాటు వచ్చే రాడార్ మా భూభాగంలోకి తొంగి చూస్తుంది, కుదరదు అని బీజింగ్ పట్టుబట్టింది. అది పెట్టడానికి సియోంగ్జులో తన గోల్ఫ్ మైదానం ఇచ్చింది లోట్టే అనే దక్షిణ కొరియా కంపెనీ. ఆ తర్వాత 2017లో చైనాలో ఉన్న లోట్టే మార్టులు డజన్లకొద్దీ మూతపడ్డాయి, ఎందుకంటే, తనిఖీకి వచ్చినవాళ్లకు అక్కడ ఫైర్ సేఫ్టీ సరిగ్గా లేదని తేలిందట. సరిగ్గా అప్పుడే! చైనా నుంచి కొరియాకు వెళ్లే టూరిస్టు గ్రూపులు కూడా ఆగిపోయాయి. మరుసటి ఏడాది లోట్టే ఆ మార్టులను అమ్ముకుని బయటపడింది. చూడు, ఇక్కడ ఎవరూ తుపాకీ పేల్చలేదు, ఆంక్షలు విధిస్తున్నాం అని ఎవరూ ప్రకటించలేదు, నిప్పు ఆర్పే సిలిండర్లు చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్లతో పని కానిచ్చేశారు. ఇది చెప్పాక నిర్వచనం రెండు ముక్కల్లో చెప్పినా పాఠకుడికి ఎక్కుతుంది, చెప్పకపోయినా ఎక్కుతుంది.

ఎర్ర సముద్రం పేరాలో "హౌతీలు సూయజ్ కాలువను మూసేశారు" అని రాశావు. కాలువను ఎవరూ మూయలేదు. 2023 నవంబర్ 19న యెమెన్‌లోని హౌతీ సాయుధులు హెలికాప్టర్లో దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకుపోయారు, తర్వాత డ్రోన్లు, క్షిపణులతో ఇంకా ఓడల మీద పడ్డారు. డిసెంబర్ కల్లా పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు మా ఓడలు ఆఫ్రికా చుట్టూ, గుడ్ హోప్ అగ్రం మీదుగా వెళ్తాయి అని చెప్పేశాయి. ఆ నిర్ణయం జరిగింది యుద్ధనౌకల మీద కాదు, కంపెనీల ఆఫీసుల్లో, లండన్ బీమా మార్కెట్లో. అన్ని రోజులు అదనంగా తిరిగే ఇంధనం ఖర్చు ఎంత, ఈ దారిలో వెళ్తే కట్టాల్సిన వార్ రిస్క్ ప్రీమియం ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. కాలువ తెరిచే ఉంది, ఓడలే తగ్గిపోయాయి. 2024లో సూయజ్ ఆదాయం 60 శాతానికి పైగా పడిపోయిందని, దాదాపు 700 కోట్ల డాలర్లు పోయాయని ఈజిప్ట్ అధ్యక్షుడు సీసీనే చెప్పాడు. యెమెన్‌లో ఒక వర్గం ఇజ్రాయెల్ మీద ఒత్తిడి అంటూ మొదలుపెట్టిన పని బిల్లు ఎక్కువగా కైరో కట్టింది. నేనైతే ఈ ఒక్క పేరా పట్టుకుని వ్యాసం మొత్తం రాసేవాణ్ని.

ఇక తొందర గురించి. వార్త వచ్చిన రాత్రే రాయాలన్న ఆత్రం నీకు ఉంది, అది నీ వాక్యాల్లోనే తెలుస్తోంది. 2022 నవంబర్ 15 గుర్తుందా? ఉక్రెయిన్ మీద రష్యా వరసగా క్షిపణులు కురిపిస్తున్న రోజు. పోలండ్‌లో, ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, ప్షెవొదూఫ్ అనే చిన్న ఊళ్లో ధాన్యం ఆరబెట్టే చోట ఒక క్షిపణి పడింది. ఇద్దరు పోయారు. రష్యా క్షిపణులు పోలండ్‌లోకి వచ్చాయని, పేరు చెప్పని అమెరికా ఇంటెలిజెన్స్ అధికారిని ఉటంకిస్తూ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ వార్త ఇచ్చింది. నాటో సైనిక కూటమి గడ్డ మీద దాడి, నాటో ఒప్పందంలోని ఆర్టికల్ 5, మూడో ప్రపంచ యుద్ధం, ఆ రాత్రంతా ఫోన్లలో ఇదే టెన్షన్. అప్పుడు జీ20 సదస్సు కోసం బాలిలో ఉన్న బైడెన్ మాత్రం, అది వచ్చిన దారి చూస్తే రష్యా నుంచి పేల్చినట్టు అనిపించడం లేదన్నాడు. మర్నాడు పోలండ్ అధ్యక్షుడు డూడా, నాటో సెక్రటరీ జనరల్ స్టోల్టెన్‌బర్గ్ ఇద్దరూ అది ఉక్రెయిన్ తనను తాను కాపాడుకోవడానికి పేల్చిన గగనతల రక్షణ క్షిపణే అయి ఉంటుందన్నారు, దోషం మాత్రం అంతిమంగా రష్యాదే అని స్టోల్టెన్‌బర్గ్ కలిపాడు. జెలెన్‌స్కీ మొదట అది మాది కాదనే గట్టిగా నిలబడ్డాడు. ఏపీ తన వార్తను వెనక్కి తీసుకుంది. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు ఆగినవాళ్లకు రాయడానికి ఎంత మంచి కథ దొరికిందో చూడు: మిత్రపక్షంలోనే ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడుతున్నారు, ఎవరి లెక్క వాళ్లది. ఆగనివాళ్లకు మిగిలింది ఒక తప్పుడు శీర్షిక.

అన్నట్టు, ఆర్టికల్ 5 గురించి నువ్వు రాసింది మార్చెయ్. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే మిగతా అందరూ ఆటోమేటిక్‌గా యుద్ధంలోకి దూకాలని అందులో లేదు. అందరి మీదా జరిగినట్టే భావించి, ప్రతి దేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకోవాలని ఉంది, అది సైనికచర్య కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పటిదాకా దాన్ని వాడింది ఒక్కసారే, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత. ఆ ఒప్పందం మొత్తం 14 ఆర్టికల్స్, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. దాని గురించి వచ్చిన ఐదు వ్యాసాలు చదివే బదులు అదే చదివి ఉంటే ఈ వాక్యం నీ చేతిలోంచి వచ్చేది కాదు.

ఇప్పుడు ఐక్యరాజ్యసమితి. "ఐరాస ఒక దండగమారి సంస్థ" అన్నావు. అనుకో, నాకేం అభ్యంతరం లేదు, చాలామంది అనుకుంటారు, నాకూ కొన్నిసార్లు అనిపిస్తుంది. కానీ అది ముగింపు వాక్యంగా బాగుంటుందని అక్కడితో ఆపేశావు, నిజానికి కథ అక్కడ మొదలవుతుంది. 2022 ఫిబ్రవరి 25న, ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్రను తప్పుబట్టే తీర్మానం మీద భద్రతా మండలిలో ఓటింగ్ జరిగింది, 15 మందిలో 11 మంది తీర్మానానికి అనుకూలం, చైనా, భారత్, యూఏఈ తటస్థం, రష్యా ఒక్కటే వ్యతిరేకం, ఆ ఒక్క ఓటే వీటో కాబట్టి తీర్మానం పోయింది. అంతా ఇక్కడే ఆపేస్తారు. రెండు రోజులకు అదే మండలి, విషయాన్ని జనరల్ అసెంబ్లీ అత్యవసర సమావేశానికి పంపుతూ ఇంకో ఓటు వేసింది, అది సభ నడిపే పద్ధతికి సంబంధించిన ఓటు కాబట్టి వీటో చెల్లదు. మార్చి 2న అసెంబ్లీలో 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థం. రష్యా పక్కన నిలబడ్డ నలుగురు ఎవరో తెలుసా? బెలారుస్, ఉత్తర కొరియా, ఎరిత్రియా, సిరియా.

ఇంకో ఐదు వారాలు ముందుకెళ్లు. ఏప్రిల్ 7న రష్యాను మానవ హక్కుల మండలి నుంచి సస్పెండ్ చేసే ఓటు. 93 అనుకూలం, 24 వ్యతిరేకం, 58 తటస్థం. మార్చిలో తటస్థంగా ఉన్న చైనా ఈసారి వ్యతిరేకంగా వేసింది. 141 ఏమైంది, 93 ఎందుకైంది? దండయాత్రను తప్పనడానికి చేయెత్తినవాళ్లలో చాలామంది శిక్ష దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకడుగు వేశారు? ఇంకో మెలిక కూడా ఉంది, ఆ ఓటుకు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, కానీ తటస్థులు ఆ లెక్కలోకి రారు, అంటే చేయెత్తకుండా కూర్చున్న 58 మంది ఒకరకంగా సస్పెన్షన్‌కు దారి సులువు చేశారు. ఆ 58 మందిలో ఒక్కొక్కరూ లేచి మేమెందుకు ఇలా వేశామో చెప్పారని కాదు, చెప్పినవాళ్ల మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఐరాస రికార్డుల్లో ఉన్నాయి, ఉచితం. దర్యాప్తు పూర్తి కాకముందే శిక్షేంటి అన్నవాళ్లున్నారు, రేపు మా మీదికి కూడా ఇలాగే వస్తారేమో అన్న భయం మాటల వెనక కనిపించేవాళ్లున్నారు. ఒకే తటస్థం, కారణాలు పది. తర్వాత 2025 ఫిబ్రవరి 24కి రా, అదే అసెంబ్లీలో ఉక్రెయిన్ తీర్మానానికి మళ్లీ 93 అనుకూలం, 18 వ్యతిరేకం, 65 తటస్థం, ఈసారి వ్యతిరేకించినవాళ్లలో రష్యాతో పాటు అమెరికా కూడా ఉంది! అదే రోజు భద్రతా మండలిలో, రష్యాను తప్పుబట్టకుండా యుద్ధం ఆపాలంటూ అమెరికా పెట్టిన తీర్మానం 10 ఓట్లతో గట్టెక్కింది, బ్రిటన్, ఫ్రాన్స్‌తో సహా ఐదు యూరప్ దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. మూడేళ్లలో ఎవరు ఎవరి పక్కకు జరిగారో చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం దొరకదు. "ప్రపంచ వ్యవస్థ మారిపోతోంది" అని నువ్వు మూడుచోట్ల రాశావు. అది ఎలా మారుతోందో ఈ ఓట్లు చూపిస్తాయి.

హేగ్‌లో ఉన్న రెండు కోర్టులను కలిపేశావు, అది సరిచూసుకో. దేశాల మధ్య వ్యాజ్యాలు వినేది అంతర్జాతీయ న్యాయస్థానం, మనుషుల మీద కేసులు నడిపేది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. పుతిన్ మీద 2023 మార్చిలో, నెతన్యాహు మీద 2024 నవంబర్‌లో వారంట్లు ఇచ్చింది రెండోది. దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్ మీద వేసిన కేసు మొదటిదాంట్లో ఉంది. 2024 జనవరి 26న అది ఇచ్చినవి తాత్కాలిక ఆదేశాలు, తుది తీర్పు కాదు.

మరణాల అంకెలు వాడేటప్పుడు ఎవరి లెక్కో అదే వాక్యంలో రాయి. ఇది మర్యాదకు సంబంధించిన విషయం కూడా. ఉక్రెయిన్‌లో పౌరుల మరణాల మీద ఐరాస మానవ హక్కుల కార్యాలయం ఇచ్చేది తాము నిర్ధారించుకున్న అంకె మాత్రమే, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువని వాళ్లే ప్రతిసారీ చెబుతారు. యుద్ధం చేస్తున్న రెండు సైన్యాలూ ఎదుటివాడి శవాలను పెంచి, తమవి తగ్గించి చెబుతాయి, అది ఏ యుద్ధంలోనైనా అంతే. ఆ అంకెను గ్రాఫ్‌లా వాడుకుని వెళ్లిపోకు.

పోలికల గురించి ఒక్క మాట. తైవాన్ జలసంధిని 1962 క్యూబా సంక్షోభంతో, అంటే సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టి అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన ఘట్టంతో పోల్చావు. పోల్చుకో, కానీ క్యూబా కథలో ఎక్కువమంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆ అక్టోబర్‌లో పేపర్లు చదివినవాళ్లకు తెలిసింది సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడని. టర్కీలో ఉన్న అమెరికన్ జూపిటర్ క్షిపణులను తీసేస్తామని అధ్యక్షుడు కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌కు రహస్యంగా మాటిచ్చాడన్నది చాలా ఏళ్ల తర్వాతగానీ బయటికి రాలేదు. 1963 వసంతకాలానికి ఆ క్షిపణులు నిజంగానే అక్కడ లేవు. "గట్టిగా నిలబడితే ఎదుటివాడే తగ్గుతాడు" అని నువ్వు రాసిన వాక్యం ఆ సగం కథ మీద కట్టింది. ఇవాళ్టి సంక్షోభాల్లోనూ అలాంటి రహస్య మాటలు నడిచే గది ఒకటి ఎక్కడో ఉంటుంది, అందులో ఏం మాట్లాడుకున్నారో మనకింకా తెలియదు, కాబట్టి "మూడో ప్రపంచ యుద్ధం అనివార్యం" అన్న నీ ఆఖరి వాక్యం కొట్టేశాను, క్షమించు. 2022 ఫిబ్రవరిలో దండయాత్ర జరగనే జరగదన్న పండితులున్నారు, జరిగాక కీవ్ నాలుగు రోజుల్లో పడిపోతుందన్నవాళ్లూ ఉన్నారు, కొంతమంది రెండూ అన్నారు. జోస్యం చెప్పాలనిపిస్తే ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావో అదీ పక్కనే రాయి.

పక్షం తీసుకోవద్దని నేను అనడం లేదు. దండయాత్రను దండయాత్ర అను, పిల్లలు చనిపోతే చంపారని రాయి. నీ కోపం నాకు నచ్చింది. కాకపోతే అది ఎవరి మీదో, ఏ సంతకం మీదో కనిపించాలి.

ఇప్పుడు చేయాల్సింది. తైవాన్ తీసెయ్, అణ్వాయుధాలు తీసెయ్, వాటికి ఇంకో వ్యాసం రాసుకుందువుగాని. 141 నుంచి 93కి వచ్చిన ఆ ఐదు వారాలు తీసుకో, వైఖరి మార్చుకున్న రెండు దేశాలను నువ్వే ఎంచుకో, రెండూ ఒకే ఖండంవి కాకుండా చూసుకో, వాళ్ల ప్రతినిధులు అన్న మాటలు రికార్డుల్లోంచే తీయి, ఆ నెలల్లో వాళ్లు రష్యా నుంచి ఏం కొంటున్నారో, గోధుమలా, ఎరువులా, ఆయుధాలా, అది పక్కన పెట్టి చూడు. కొన్నిచోట్ల ఓటుకూ వ్యాపారానికీ లంకె కనిపించదు, అప్పుడు బలవంతంగా కలపకు, కనిపించలేదనే రాయి. పన్నెండు వందల పదాలు దాటొద్దు. వచ్చే నెల మొదటి వారంలోపు పంపు, పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపితే పక్కన రాసుకుంటూ పోతాను.

ఉంటాను,
అన్న